ఫెర్రిడే నుంచి నాష్‌విల్ దాకా: జెర్రీ లీ పియానో వెంట

రాజమండ్రి తిరిగొచ్చి వారం కూడా కాలేదు. పగలు నిద్ర, రాత్రి మెలకువ ఇంకా వదల్లేదు. ఆలస్యమైతే ఊళ్ల పేర్లు కలగాపులగం అయిపోతాయి కాబట్టి ఈ మెలకువలోనే రాసేస్తున్నాను.

పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో జుట్టు నెరిసేదాకా కీబోర్డు వాయించినవాణ్ని. ఏప్రిల్‌లో డాలస్‌లో ఉన్న మేనల్లుడి దగ్గరికి వెళ్తే వాడు నయాగరా అన్నాడు, గ్రాండ్ కాన్యన్ అన్నాడు. నేను జెర్రీ లీ లూయిస్ ఊరు చూపించమన్నాను. ‘ఆయనెవరు మావయ్యా?’ అన్నాడు. ‘గ్రేట్ బాల్స్ ఆఫ్ ఫైర్’ వినిపిస్తే, ‘ఓ, ఇదా!’ అన్నాడు. కుర్చీని కాలితో తన్ని, నిలబడి పియానో బాదే ఈ రాక్ అండ్ రోల్ మనిషి 1968లో ఉన్నట్టుండి కంట్రీ, అంటే అమెరికా పల్లెల బాణీ, పాటగాడయ్యాడు. తాగుడు, విరహం, పశ్చాత్తాపం పాటలు పాడి పదేళ్లుగా పోయిన పేరు మళ్లీ తెచ్చుకున్నాడు. బుకింగులు పోతే మనుషులు బాణీ మార్చడం నా వృత్తిలో చాలా చూశాను. డాన్స్ పాటలు వాయించిన చేతులతోనే భజన మండలిలో హార్మోనియం పట్టినవాళ్లు నాకు తెలుసు. ఈయనదీ అదేనా, ఇంకేమైనా ఉందా అన్నదే నా సందేహం.

వాక్సహాచీ, టెక్సస్: బుధవారం

డాలస్‌కి దక్షిణంగా, పక్కనే ఉన్నట్టు లెక్క. ఊరి మధ్య ఎర్రరాతి కోర్టు భవనం కోటలా నిలబడి ఉంటుంది. జెర్రీ లీ తల్లి, పేరు మేమీ, కొడుకు దేవుడి పాటలే పాడాలని ఈ ఊళ్లోని బైబిల్ స్కూల్లో చేర్చింది. ప్రార్థన సభలో భక్తిగీతాన్ని బూగీ దరువులో వాయించినందుకు వాళ్లు బయటికి పంపేశారు. బూగీ అంటే ఎడమ చెయ్యి ఆగకుండా ఒకే నడక నడుస్తుంటే కుడి చెయ్యి దాని మీద అల్లరి చేయడం.

కోర్టు ఎదురుగా హోటల్లో చికెన్ ఫ్రైడ్ స్టేక్ తిన్నాం. పేరులో చికెన్ ఉన్నా అది గొడ్డుమాంసం. మేనల్లుడు ముందే చెప్పాడు కాబట్టి నేను వేయించిన చేపతో సరిపెట్టుకున్నాను. ఇద్దరికీ ముప్పై నాలుగు డాలర్లు, పైన టిప్పు. స్వీట్ టీ గ్లాసు సగం ఖాళీ అయితే చాలు, అడక్కుండానే మళ్లీ నింపేస్తున్నారు. వద్దంటే ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది, అందుకని తాగాను. ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి ఆ టీయే కారణం.

వాటర్‌ప్రూఫ్, లూసియానా: గురువారం

అవును, ఊరి పేరే వాటర్‌ప్రూఫ్. టల్లూలా దగ్గర పెద్ద రోడ్డు వదిలి దక్షిణంగా దిగితే చదును పొలాలు, పక్కనే మిసిసిపీ నది కరకట్ట. నది మాత్రం కనిపించదు, కట్టే కనిపిస్తుంది. ఫోన్‌లో దారి చెప్పే గొంతు ‘కుడివైపు తిరగండి’ అంటే మావాడు తిరిగాడు. తారు పోయి కంకర వచ్చింది, కంకర పోయి మట్టి వచ్చింది, చివరికి కట్ట మీద మేస్తున్న ఆవులు అడ్డొచ్చాయి. వెనక్కి తిప్పుకునే చోటు లేదు. సిగ్నల్ కూడా పోయింది.

ఎదురుగా ఒక పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. టోపీ పెట్టుకున్న ముసలాయన అద్దం దించి, మేమెవరం, ఎక్కడికి అని అడగలేదు. వాతావరణం గురించి మాట్లాడాడు. వాన రావచ్చన్నాడు. ఈ కట్ట తెగితే ఏమవుతుందో చెప్పాడు. ఆ తర్వాతే దారి సంగతి ఎత్తాడు. తానే అర కిలోమీటరు వెనక్కి వెళ్లి మాకు చోటిచ్చాడు. అక్కడ ఎదురుపడ్డ ప్రతి బండివాడూ స్టీరింగ్ మీంచి ఒక్క వేలు లేపుతాడు, అదే పలకరింపు. ఫెర్రిడే చేరేసరికి మావాడు కూడా లేపడం మొదలుపెట్టాడు.

ఫెర్రిడే: శుక్రవారం

రాత్రి బస నది ఒడ్డున విడేలియాలో. మోటెల్ నడిపేది గుజరాతీ కుటుంబం. గది పన్నుతో కలిపి ఎనభై డాలర్లు. పొద్దున్నే ఆంటీ మా మొహాలు చూసి లోపలికెళ్లి థేప్లాలు అనే గుజరాతీ రొట్టెలు, మామిడికాయ ఊరగాయ తెచ్చిపెట్టింది. డబ్బు ఇవ్వబోతే కోప్పడింది. ‘ఫెర్రిడేలో ఏముందని వెళ్తున్నారు?’ అంది. జెర్రీ లీ అంటే, ‘అవునవును, చనిపోయినప్పుడు గదులన్నీ నిండిపోయాయి’ అంది.

ఊరు చిన్నది, జనాభా మూడు వేల చిల్లర. మూతపడ్డ కొట్లే ఎక్కువ. పాత పోస్టాఫీసులో డెల్టా మ్యూజిక్ మ్యూజియం ఉంది. ఈ ఊరికి ముగ్గురు కజిన్లు పేరు తెచ్చారు. ఒకరు జెర్రీ లీ, రెండోవాడు కంట్రీ గాయకుడు మికీ గిల్లీ, మూడోవాడు టీవీ ప్రవచనాల జిమ్మీ స్వాగర్ట్. ముగ్గురూ పియానో మీదే పెరిగారు, ఒకే చర్చిలో పాడారు. మ్యూజియంలో ముగ్గురికీ చోటుంది. అక్కడున్న పెద్దావిడ నన్ను ‘సర్’ అనీ, మావాణ్ని ‘హనీ’ అనీ పిలిచింది. ఎవరి పాట ఇష్టమని ఆవిడనడిగాను. ‘పొద్దున జిమ్మీ, రాత్రి జెర్రీ లీ’ అని నవ్వింది.

తండ్రి ఎల్మో కొడుకు కోసం పొలం తాకట్టు పెట్టి పాత పియానో కొన్నాడు. ఇంట్లో మోగినవి జిమ్మీ రోజర్స్ రికార్డులు, అంటే కంట్రీ సంగీతానికి మూలపురుషుడివి. ఊళ్లోనే నల్లవాళ్ల క్లబ్బు ఉండేది, హేనీస్ బిగ్ హౌస్. బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ లాంటివాళ్లు అక్కడ వాయించారు. తెల్లపిల్లలకు ప్రవేశం లేని రోజుల్లో జెర్రీ లీ దొంగచాటుగా దూరి, టేబుళ్ల కింద దాక్కుని విన్నాడు. ఆ క్లబ్బు 1966లో కాలిపోయింది. ఇంట్లో ఒక సంగీతం, చర్చిలో ఇంకొకటి, హేనీస్‌లో మరొకటి. ఇవన్నీ ఒకదానికొకటి నడిచివెళ్లే దూరంలోనే ఉండేవి. పదునాలుగేళ్ల వయసులో ఫోర్డ్ కార్ల షోరూం ముందు వాయించి, టోపీ తిప్పితే పదమూడు డాలర్లు రాలాయంటారు.

చెల్లెలు ఫ్రాంకీ జీన్ పాతింటిని చాలా ఏళ్లు మ్యూజియంలా నడిపింది. దాన్ని బయటినుంచే చూశాం. ఎండ మండిపోతోంది, దోమలు అంతకన్నా ఘోరం. 2022లో ఆయన పోయినప్పుడు అంత్యక్రియలు జరిపించింది కజిన్ స్వాగర్టే. అదే ఏడు ఇద్దరూ కలిసి పాడిన భక్తిగీతాల ఆల్బం వచ్చింది. బూగీ వాయించాడని బైబిల్ స్కూలు వెళ్లగొట్టిన మనిషి ఆఖరి ఆల్బం అది.

మధ్యాహ్నం విడేలియాలో క్రాఫిష్, అంటే పెద్ద రొయ్యల్లాంటి మంచినీటి జీవులు. సీజన్ కాబట్టి పౌండు ఏడు డాలర్లకే. ట్రే నిండా ఎర్రగా ఉడికినవి, వాటి మధ్య మొక్కజొన్న, బంగాళాదుంపలు. టేబుల్ మీద కాగితం పరిచి అంతా కుమ్మరించారు. మేం చేతులు కట్టుకుని చూస్తుంటే వడ్డించే అమ్మాయి వచ్చి నేర్పింది. ఒక చేత్తో తల, ఇంకో చేత్తో తోక పట్టుకుని మెలిపెట్టి లాగాలి. తల చీకాలి, తోక ఒలవాలి. మావాడు తల చీకలేదు. వాడి వాటా తలలు కూడా నేనే తీసుకున్నాను, అసలు మసాలా అంతా అక్కడే ఉంది. అరచేతుల మంట సాయంత్రందాకా తగ్గలేదు.

అరవై ఒకటో నంబరు రోడ్డు, హెర్నాండో, మెంఫిస్: శనివారం

నది అవతలి ఊరు నాచెజ్ నుంచి ఉత్తరానికి వెళ్తే డెల్టా, అంటే మిసిసిపీ పక్క చదును నేల. పెట్రోలు బంకులో టమాలీలు అని బోర్డు చూసి ఆగాం. మొక్కజొన్న పిండిలో మాంసం కూరి, కంకి పొట్టులో చుట్టి ఉడికిస్తారు. విప్పుతుంటే కోనసీమ పొట్టిక్కలే గుర్తొచ్చాయి. ఆకు వాసన పట్టిన ఆవిరి కూడా అలాగే ఉంది. ఆరింటికి తొమ్మిది డాలర్లు. ఎర్రటి రసం కారుతుంది, కారులో తినకూడదు. మావాడి సీటు కవరు సాక్ష్యం.

మెంఫిస్‌కి ముందు హెర్నాండో మీదుగా చుట్టుతిరిగి వెళ్లాం. 1957 డిసెంబరులో జెర్రీ లీ ఇక్కడే మైరాను పెళ్లి చేసుకున్నాడు. తన బ్యాండులో బేస్ వాయించే కజిన్ జె.డబ్ల్యూ. బ్రౌన్ కూతురు. పిల్లకు పదమూడేళ్లు. రెండో భార్యతో విడాకులు అప్పటికి పూర్తి కాలేదు. మరుసటి మే నెలలో ఇంగ్లండ్ వెళ్తే విమానాశ్రయంలోనే విలేకరులు పట్టేశారు. మూడు కచేరీలకే పర్యటన రద్దయింది. రాత్రికి పదివేల డాలర్లు తీసుకునేవాడు రెండు వందల యాభైకి వాయించే స్థితికి దిగాడు. రేడియోలు పాటలు వేయడం మానేశాయి.

‘పాపం, మేనరికం వాళ్లకు అర్థం కాలేదు’ అన్నాడు మావాడు. బంధుత్వం సంగతి వదిలెయ్యరా, పదమూడేళ్ల పిల్ల అన్నాను. ఆవిడ 1970లో కొట్టాడనీ, మానసికంగా హింసించాడనీ చెప్పి విడాకులకు వెళ్లింది. ఆ పియానో అంటే నాకు ప్రాణం. అంతమాత్రాన ఈ సంగతికి వంకలు వెతకలేను. కారులో కాసేపు పాటలు పెట్టలేదు.

పక్కూరు నెస్బిట్‌లోనే ఆయన చివరిదాకా ఉన్నాడు, అక్కడే పోయాడు. గేటు మీద పియానో బొమ్మ ఉంది. లోపల ఈతకొలను కూడా పియానో ఆకారంలోనే ఉంటుందట. గేటు వేసి ఉంది. ఫొటో తీసుకుని కదిలాం.

మెంఫిస్‌లో 706 యూనియన్ ఎవెన్యూ, జెర్రీ లీ తొలి పాటలు రికార్డయిన సన్ స్టూడియో. రోడ్డు మలుపులో చిన్న భవనం, టికెట్టు ఇరవై డాలర్లు. పైగదిలో వస్తువులు చూపించి కిందికి తీసుకెళ్తారు. మన ఊళ్లో కాస్త పెద్ద డ్రాయింగ్ రూమంత ఉంటుంది, అంతే. గోడలకీ కప్పుకీ చిల్లుల పలకలు. నేను చప్పట్లు కొట్టి చూశాను. శబ్దం సాగలేదు, తునిగినట్టు ఆగిపోయింది. గైడ్ కుర్రాడు చూసి, ‘మీరు వాయిస్తారా?’ అన్నాడు. వాడూ గిటారిస్టే.

1956లో ఎల్మో కోడిగుడ్లు అమ్మి ఆ డబ్బుతో కొడుకును ఇక్కడికి తీసుకొచ్చాడు. యజమాని సామ్ ఫిలిప్స్ ఊళ్లో లేడు, జాక్ క్లెమెంట్ టేపు తిప్పాడు. అంతకు ముందే నాష్‌విల్ వెళ్తే, పియానో వదిలి గిటారు నేర్చుకో అన్నారట. ఇక్కడి నుంచి ఆయన మొదటి రికార్డుగా వచ్చిన పాట ఏమిటనుకున్నారు? ‘క్రేజీ ఆర్మ్స్’. అప్పటికే రే ప్రైస్ పాడి ఊపేస్తున్న కంట్రీ పాట అది! మరుసటి ఏడు ‘గ్రేట్ బాల్స్ ఆఫ్ ఫైర్’ రికార్డు తిప్పితే వెనకవైపున్నది కంట్రీ దిగ్గజం హ్యాంక్ విలియమ్స్ పాట ‘యూ విన్ ఎగైన్’. ప్రపంచమంతా ఒక వైపే తిప్పుకుంది.

గైడ్ టేపులో ఒక ముక్క గురించి చెప్పాడు. ‘గ్రేట్ బాల్స్’ రికార్డింగ్ రోజు జెర్రీ లీ హఠాత్తుగా ఇది పాపపు పాట అని మొండికేశాడు. పాటతో కూడా మనుషులకు మేలు చేయొచ్చని ఫిలిప్స్ బతిమాలాడు. నాలో సైతాను ఉంది, నేనెలా చేస్తాను అని ఈయన వాదన. ఆ వాదులాట అంతా టేపు మీద ఉండిపోయింది. చివరికి పాట పాడాడు. ఎలా పాడాడో అందరికీ తెలిసిందే.

రాత్రి బీల్ స్ట్రీట్ దగ్గర పొడిమసాలా పట్టించిన రిబ్స్, అంటే పంది పక్కటెముకలు. సాస్ ఉండదు. సగం ప్లేటు ఇరవై రెండు డాలర్లు. నాకు నచ్చింది, కానీ ఆ వీధి గోల నచ్చలేదు. ప్రతి కొట్టూ పక్క కొట్టు శబ్దాన్ని మింగాలని చూస్తుంటుంది.

మ్యూజిక్ హైవే: ఆదివారం

మెంఫిస్ నుంచి నాష్‌విల్ దాకా రోడ్డుకు పెట్టిన పేరే అది. దారిలో చెప్పుకోదగ్గ తిండి లేదు. అందుకని 1957 పాటలూ 1968 పాటలూ ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ వెళ్లాం.

1968 జనవరిలో నాష్‌విల్‌లో జెర్రీ కెన్నడీ అనే నిర్మాత రికార్డు చేసిన పాట ‘అనదర్ ప్లేస్, అనదర్ టైమ్’. జెర్రీ చెస్నట్ రాశాడు. బారు మూసే వేళ, ఒక్కో లైటూ ఆర్పేస్తుంటే ఇంటికి వెళ్లబుద్ధి కాని మనిషి గోడు. రాక్ పాటల్లో ఆయన ఎడమ చెయ్యి ఇంజనులా తిరుగుతుంది, గొంతు దాని మీద ఎక్కి స్వారీ చేస్తుంది. ఈ పాటలో ఆ చెయ్యి తగ్గింది. కంట్రీ పాటల్లో సాగదీసి మూలిగే స్టీల్ గిటారుకు చోటిచ్చింది. పియానో మాట పూర్తయ్యాక మాత్రమే పలుకుతుంది. వాయించేవాడికి ఇది చాలా కష్టం. వేగంగా కొట్టగలిగినవాడు చేతిని ఆపుకోవడం నా అనుభవంలో అరుదు. ఇంత చేసినా గొంతులో పొగరు ఎక్కడా పోలేదు. ఏడుస్తున్నవాడు కూడా గదిలో అందరూ తననే చూడాలనుకుంటాడు.

పాట కంట్రీ చార్టులో నాలుగో స్థానానికి వెళ్లింది. మరుసటి ఏడు ‘టు మేక్ లవ్ స్వీటర్ ఫర్ యూ’ మొదటి స్థానంలో నిలబడింది. మావాడు ఒక మాటన్నాడు: ‘రాక్ వినేది పదహారేళ్లవాళ్లు మావయ్యా, కంట్రీ వినేది ఈఎంఐలు కట్టేవాళ్లు. వీళ్లు తప్పు చేసినవాణ్ని వెలివేయరు, పాడమంటారు.’ వాణ్ని నేను తక్కువ అంచనా వేశాను. నా మాటేమిటంటే, ఈయన బాణీ మార్చలేదు, రికార్డు రెండో వైపు తిప్పాడు. గతిలేక తిప్పాడన్నది కూడా నిజమే. ఆ రెండో వైపు ముందే ఉండబట్టి పాటకు అతుకు కనిపించలేదు.

నాష్‌విల్: సోమవారం

ముందు హాట్ చికెన్. కారం నాలుగైదు మెట్లుంటుంది. కౌంటర్‌లో అమ్మాయి నన్ను చూసి ‘మైల్డ్ తీసుకోండి సర్’ అంది. గోదావరి పౌరుషం పొడుచుకొచ్చి ‘హాట్’ అన్నాను. తిన్నాను, చెమట్లు పట్టాయి, రుచి మాత్రం అమోఘం. కింద తెల్ల బ్రెడ్డు, పైన ఊరేసిన దోసకాయ చక్రాలు. నూనెలో నానిన ఆ బ్రెడ్డే అసలు సరుకు. ఇద్దరికీ ముప్పై ఒక్క డాలర్లు.

కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ అంటే ఆ సంగీతంలో గొప్పవాళ్ల గౌరవ మందిరం. భవనానికి కిటికీలు పియానో మెట్లలా ఉంటాయి. లోపల గుండ్రటి గదిలో గోడచుట్టూ కంచు ఫలకాలు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఈయన్ని 1986లో మొదటి జట్టులోనే చేర్చుకుంది. వీళ్లకు 2022దాకా పట్టింది. అక్టోబరులో సభ జరిగితే ఒంట్లో బాగోక రాలేకపోయాడు. సాటి కంట్రీ గాయకుడు క్రిస్ క్రిస్టాఫర్సన్ పతకం ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాడు. రెండు వారాలైనా గడవకముందే పోయాడు.

రైమన్ ఆడిటోరియం అక్కడికి నడకదూరం, టికెట్టు ముప్పై దాటింది. 1892 నాటి ప్రార్థన మందిరం. ఇప్పటికీ కుర్చీలు లేవు, చర్చి బెంచీలే. గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే రేడియో కచేరీ 1974దాకా ఇక్కడే జరిగేది. 1973 జనవరి 20, శనివారం రాత్రి జెర్రీ లీని తొలిసారి పిలిచారు. షరతులు రెండే: రాక్ అండ్ రోల్ వద్దు, బూతు వద్దు. ముందు బుద్ధిగా ‘అనదర్ ప్లేస్’ పాడాడు. ఆపైన రాక్ అందుకున్నాడు. తాను రాక్, కంట్రీ, రిథమ్ అండ్ బ్లూస్ మూడూ పాడేవాణ్నని ప్రకటించి, చివర ఒక బూతుమాట కూడా తగిలించాడు. ఇచ్చిన నిమిషాలు కొన్నే, వాయించింది నలభై దాకా. మధ్యలో డెల్ వుడ్ అనే పియానో విద్వాంసురాలిని వేదికమీదికి పిలిచి కలిసి వాయించాడు. కుర్రతనంలో ఈ ఊళ్లో అందరూ తరిమేసినప్పుడు ఆదరంగా మాట్లాడింది ఆవిడేనట. పగ, కృతజ్ఞత రెండూ ఒకే రాత్రి తీర్చుకున్నాడు. బెంచీ మీద కూర్చుని వేదిక చూస్తుంటే నాకు రెండోదే ఎక్కువ నచ్చింది.

సాయంత్రం బ్రాడ్‌వే. రైమన్ వెనక సందు దాటితే వరసగా బార్లు. అన్నిట్లోనూ బ్యాండ్లు, లోపలికి వెళ్లడానికి టికెట్ ఉండదు. వాళ్లు టిప్పుల మీదే బతుకుతారు. పాటకీ పాటకీ మధ్య ఒక పిల్ల ప్లాస్టిక్ బకెట్టు పట్టుకుని తిరుగుతుంది. ఇష్టమైన పాట కావాలంటే నోటు మీద పాట పేరు రాసిన కాగితం చుట్టి ఇవ్వాలి. పియానో ఉన్న బారు వెతుక్కుని కూర్చున్నాం. ‘షీ ఈవెన్ వోక్ మీ అప్ టు సే గుడ్‌బై’ అని రాసి ఇరవై డాలర్లు వేశాను. పియానో మీదున్నాయన కాగితం చూసి తలెత్తి, ఎవరడిగారా అని వెతికాడు. బాగా పాడాడు. చివర్లో బొటనవేలి గోరుతో మెట్లన్నీ పైనుంచి కిందిదాకా ఒక్క గీత గీశాడు. అది జెర్రీ లీ గీతే.

విరామంలో మా టేబుల్ దగ్గరికొచ్చాడు. నేను కూడా కీబోర్డే అంటే నా వేళ్లు పట్టుకుని చూశాడు. పగటి షిఫ్టులో పెద్దవాళ్లొస్తారు, కంట్రీ అడుగుతారు. తొమ్మిది దాటాక పెళ్లికి ముందు పార్టీల ఆడపిల్లలొస్తారు, రాక్ అడుగుతారు, రెండూ ఈ చేతులే వాయిస్తాయి అన్నాడు. మీ దగ్గర ఏమడుగుతారు అన్నాడు. భోజనాలప్పుడు మెలొడీ, ఊరేగింపులో ఫాస్ట్ బీట్, అప్పగింతలప్పుడు ఏడిపించేది అన్నాను. మా దగ్గర అప్పగింతలు లేవు గానీ ఏడిపించేదానికే టిప్పు ఎక్కువ అన్నాడు.

అప్పటికే రాత్రి బ్యాండువాళ్లు వచ్చి వైర్లు లాగుతున్నారు. బకెట్టు మళ్లీ మా దగ్గరికొచ్చింది. ‘మావయ్యా, ఇక చాలు, నా దగ్గర క్యాష్ అయిపోయింది’ అన్నాడు మావాడు. ఆ పిల్లకు తెలుగు రాకపోయినా సంగతి అర్థమైంది. నవ్వుతూ బకెట్టు తిప్పి, దాని మీద అంటించిన క్యూఆర్ కోడ్ చూపించింది.